ఆడేవాళ్ళని అడిగి మోసం చెయ్యకుండా ఛాయిస్ కథ రాయడం ఎలా

పోయిన సంక్రాంతికి ఊరెళ్తూ రైల్లో ఫోన్‌లో ఒక కథాగేమ్ ఆడాను. పెళ్ళిచూపుల సీను వచ్చింది. అబ్బాయి నచ్చాడా అని అమ్మ అడుగుతుంది, కింద మూడు బటన్లు ఉన్నాయి: ఒప్పుకో, ఆలోచించుకుంటానని చెప్పు, వద్దని చెప్పు. నేను వద్దని నొక్కాను. తర్వాతి స్క్రీన్‌లో "వద్దందామనే అనుకున్నావు, కానీ అమ్మ మొహం చూశాక నోరు పెగల్లేదు, తల ఊపావు" అని వచ్చింది. వెనక్కి వెళ్ళి మిగతా రెండూ నొక్కి చూశాను. మూడూ అదే తల ఊపుడు దగ్గరికి వచ్చి ఆగాయి.

పెళ్ళి కుదిరినందుకు నాకు కోపం రాలేదు. ఆ అమ్మాయి ఏమీ అనలేక తల ఊపిందని రచయిత నేరుగా రాసి ఉంటే, నవల చదివినట్టు చదువుకుని, ఆమె మీద జాలిపడి ముందుకెళ్ళేదాన్ని. కానీ నన్ను పనిగట్టుకుని అడిగారు, జవాబు చెప్పాను, దాన్ని తీసి పక్కన పడేశారు. ఇంటరాక్టివ్ ఫిక్షన్ (ఇలా చదివేవాళ్ళే దారి ఎంచుకునే కథలు) ఆడేవాళ్ళు "ఇందులో ఛాయిస్‌లు తక్కువ" అని విసుక్కున్నప్పుడు చాలాసార్లు అసలు బాధ ఇదే. రెండే దారులున్నా ఫరవాలేదు, ఆ రెండూ నిజంగా దారులైతే చాలు.

తెలుగులో ఇలాంటి కథలు రాయాలనుకునేవాళ్ళ కోసం, నేను రాస్తూ ఆడుతూ నేర్చుకున్నది ఇక్కడ పెడుతున్నాను. టూల్ విషయంలో నా సలహా ట్వైన్. క్రిస్ క్లిమాస్ 2009లో విడుదల చేశాడు, ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, తెలుగు అక్షరాలు హాయిగా కనిపిస్తాయి. రెండు చదరపు బ్రాకెట్ల మధ్య ఒక మాట రాస్తే అదే లింకు అయిపోతుంది, దానికి కొత్త పేజీ కూడా అదే పుట్టిస్తుంది. ఆటగాళ్ళు వాక్యం టైప్ చేసి ఆడే పాత పద్ధతి, అంటే 1977లో ఎమ్‌ఐటీలో మొదలైన జోర్క్ లాంటిది, తెలుగులో చెయ్యడం చాలా కష్టం. తలుపు తియ్యి, తీయి, తెరువు, తలుపుని తెరు, వీటన్నిటికీ ఒకటే అర్థమని కంప్యూటర్‌కి చెప్పుకుంటూ కూర్చోవాలి, ఒక్కటి మర్చిపోయినా ఆడేవాళ్ళు అక్కడే ఇరుక్కుంటారు.

ముందు లెక్క తేల్చుకోండి

కొత్తగా రాసేవాళ్ళందరూ "ప్రతి మలుపులో రెండు దారులు, ఏ దారీ మళ్ళీ కలవకూడదు" అని మొదలుపెడతారు, నేనూ అలాగే మొదలుపెట్టాను. పది మలుపులకి 1024 ముగింపులు వస్తాయి, మొత్తం 2047 పేజీలు రాయాలి. పేజీకి వంద మాటలే అనుకున్నా రెండు లక్షల మాటలు దాటిపోతుంది, ఒకరు ఒకసారి ఆడితే అందులో చూసేది 11 పేజీలు. సామ్ కాబో ఆష్‌వెల్ 2015లో ఛాయిస్ కథల ఆకారాలన్నీ విడదీసి రాసినప్పుడు ఈ ఆకారానికి టైమ్ కేవ్ అని పేరు పెట్టాడు. అదే వ్యాసంలో ఆయన చెప్పిన ఇంకో ఆకారం మనకి ఎక్కువ పనికొస్తుంది: దారులు విడిపోతాయి, కొంతదూరం వెళ్ళి ఒకచోట కలుస్తాయి, మళ్ళీ విడిపోతాయి, అయితే ఏ దారిలో వచ్చారో గేమ్ గుర్తుపెట్టుకుంటుంది.

కాబట్టి దారులు కలిసినందుకు సిగ్గుపడక్కర్లేదు. ఎలా వచ్చారో మర్చిపోవడమే తప్పు.

నేనిప్పుడు రాస్తున్న కథతోనే చెప్తాను. పాలకొల్లులో తాతగారి పెంకుటిల్లు. అందులో పెదనాన్న ఒక్కడే ఉంటున్నాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మనవడో మనవరాలో (ఆడేవాళ్ళ ఇష్టం) ఇల్లు అమ్మడానికి వస్తారు, పెదనాన్నకి తెలియకుండా బయానా అప్పటికే తీసుకున్నారు, రెండు రోజుల్లో రిజిస్ట్రేషన్. రాయడం మొదలుపెట్టకముందే నోట్‌బుక్‌లో పేజీ మధ్యలో గీత గీశాను. ఒక పక్క నా చేతిలో ఉన్నవి: తాత పోయాడు, అప్పు ఉంది, బయానా తీసుకోవడం జరిగిపోయింది, కొనేవాడు రెండో రోజు వస్తాడు. రెండో పక్క ఆడేవాళ్ళ చేతిలో ఉన్నవి: పెదనాన్నకి నిజం ఎప్పుడు చెప్పాలి, అసలు చెప్పాలా, మేనత్త వాటా సంగతి ఎత్తాలా, చివరికి సంతకం పెట్టాలా. ఎడమ పక్క ఉన్నదాన్ని ఎప్పుడూ ప్రశ్నగా అడగను. కుడి పక్క ఉన్నదాన్ని ఎప్పుడూ నా అంతట నేను తేల్చను. ఈ గీత గియ్యకుండా రాస్తే పెళ్ళిచూపుల సీను మీ కథలోకి కూడా వచ్చేస్తుంది, మీకు తెలియకుండానే వస్తుంది.

వినదలుచుకోని జవాబుని అడగకండి

ఈ జబ్బు చాలా పాతది. 1986లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ అనే గేమ్‌లో రాకుమారి తనని కూడా తీసుకెళ్ళమని అడుగుతుంది, అవును, కాదు అని రెండు ఉంటాయి, కాదంటే మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ కాదంటే మళ్ళీ అడుగుతుంది, అవుననేదాకా కథ కదలదు. ఆ రోజుల మెషీన్లలో చోటు ఎంత తక్కువో తెలుసు కాబట్టి దాన్ని నేను తప్పుపట్టను, ఇవాళ ఆ అలవాటు కొనసాగించడానికి మాత్రం కారణం లేదు.

కథ తప్పకుండా ఒకవైపే వెళ్ళాలంటే ప్రశ్నని "చేస్తావా లేదా" నుంచి "ఎలా చేస్తావు" కి మార్చండి. మన కథలో మనవరాలు పాలకొల్లులో దిగాల్సిందే, దిగకపోతే కథే లేదు. అందుకని దిగాలా వద్దా అని అడగను. దిగాక ముందు ఎక్కడికి వెళ్తావని అడుగుతాను: ఇంటికా, బ్రోకర్ దగ్గరికా, మేనత్త ఇంటికా. ఇక్కడ మూడింటిలో ఏది నొక్కినా నిజంగా జరుగుతుంది, ఎందుకంటే బ్రోకర్ దగ్గరికి ముందు వెళ్తే ఆ సంగతి ఎవరో చూసి పెదనాన్న చెవిన వేస్తారు, చిన్న ఊరు కదా.

దీనికి దగ్గరిదే ఇంకో చిరాకు ఉంది: హీరోని రచయిత బలవంతంగా తెలివితక్కువవాణ్ణి చెయ్యడం. ఆడేవాళ్ళకి బ్రోకర్ మీద అనుమానం మూడు పేజీల కిందటే వచ్చేసింది, గేమ్ మాత్రం "అతని మాటలు నమ్మి కాగితాలు చేతిలో పెట్టావు" అంటుంది. కాగితాలు అతని చేతికి వెళ్ళడం మీ కథకి అవసరమైతే, అనుమానం ఉన్నా ఇవ్వక తప్పని పరిస్థితి కల్పించండి, లేదా వాళ్ళకి ఇంకా అనుమానం రాని చోట ఆ సీను పెట్టండి.

బటన్ మీద రాసిందే జరగాలి

2011లో వచ్చిన ఎల్.ఎ. నోయర్ అనే డిటెక్టివ్ గేమ్‌లో సాక్షి మాట మీద "డౌట్" అనే బటన్ ఉండేది. నొక్కినవాళ్ళు నెమ్మదిగా అనుమానం వ్యక్తం చేస్తున్నామనుకుంటే, హీరో ఒక్కసారిగా సాక్షి మీద విరుచుకుపడేవాడు. ఆడేవాళ్ళ మనసులో ఒకటి, హీరో నోట్లో ఇంకొకటి. బటన్ మీద ఒక్క మాటే పెడితే ఎప్పుడూ ఈ ప్రమాదం ఉంటుంది.

"పెదనాన్నతో మాట్లాడు" అని రాయకండి. ఏం మాట్లాడతారో ఎవరికి తెలుసు? "బయానా తీసుకున్నామని పెదనాన్నకి ఇప్పుడే చెప్పెయ్యి" అని రాయండి, "అన్నం తిన్నావా అని అడిగి, ఆ సంగతి రేపటికి వాయిదా వెయ్యి" అని రాయండి. చేసే పని, దాని వెనక ఉన్న ఉద్దేశం, రెండూ బటన్‌లో కనిపించాలి. బటన్ పొడవైనా ఫరవాలేదు. మూడు బటన్లలో ఒకటి మర్యాదగా అవును, ఒకటి విసుగ్గా అవును, ఒకటి వెటకారంగా అవును అయితే మాత్రం రెండు తీసెయ్యండి, లేదా ఆ గొంతుల తేడాకి ఎదుటివాళ్ళు వేరువేరుగా స్పందించేలా రాయండి.

తెలుగు మనకి ఇచ్చిన ఛాయిస్‌లు

దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఇంగ్లీషు గైడ్లలో ఇది దొరకదు. ఇంగ్లీషులో ఎవరినైనా "యూ" అనే అంటారు కాబట్టి దగ్గరితనం, దూరం చూపించడానికి వాళ్ళు వేరే తిప్పలు పడాలి. మనకి నువ్వు, మీరు ఉన్నాయి. రెండో రోజు పొద్దున కొనేవాడి ముందు పెదనాన్నతో మాట్లాడేటప్పుడు, ఇన్నాళ్ళూ "నువ్వు" అన్న మనవడు "మీరు సంతకం పెట్టండి" అంటే పెదనాన్న గుండెలో ఏం జరుగుతుందో తెలుగువాళ్ళకి వివరించక్కర్లేదు. అదొక ఛాయిస్‌గా పెట్టాను. రెండు బటన్లలో మిగతా మాటలన్నీ ఒకటే, నువ్వు, మీరు మాత్రం తేడా. నా కథ చదివినవాళ్ళు ఎక్కువసేపు ఆగింది ఆ పేజీ దగ్గరే.

ఆడేవాళ్ళు ఆడో మగో ఎంచుకునే కథైతే ఇంకో సౌకర్యం ఉంది. "నువ్వు వచ్చావు" అన్నదాంట్లో ఆడామగా తేడా లేదు, కాబట్టి కథనం మొత్తం రెండో పురుషలో నడిపితే చాలావరకు ఒకే వాక్యం ఇద్దరికీ సరిపోతుంది. ఇబ్బంది వచ్చేది మిగతా పాత్రలు హీరో గురించి మాట్లాడుకున్నప్పుడు: "వాడు వచ్చాడు", "అది వచ్చింది", ఇంకా పక్కింటి పిల్లాడు పిలిచే అన్న, అక్క, మేనత్త పిలిచే ఒరేయ్, ఏమే. వీటన్నిటినీ మొదట్లోనే వేరియబుల్స్‌లో, అంటే గేమ్ ఒక పేరు కింద గుర్తుపెట్టుకునే చోట్లలో, పెట్టుకోండి. వేరియబుల్ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచండి, లోపల ఉండే మాట తెలుగులో ఉంటే చాలు. ఇది చివర్లో చేద్దామని వదిలేస్తే నూటయాభై పేజీలు మళ్ళీ దువ్వాల్సి వస్తుంది.

గుర్తుంచుకుంటామని చెప్తే గుర్తుంచుకోండి

2012లో టెల్‌టేల్ వాళ్ళ ద వాకింగ్ డెడ్ గేమ్‌లో ఏదైనా అనగానే పైన మూలలో "క్లెమెంటైన్ విల్ రిమెంబర్ దట్" (క్లెమెంటైన్ అనే పిల్లకి ఇది గుర్తుంటుంది) అని వచ్చేది. ఆ ఒక్క లైను చూసి మన మాట ఆ పిల్ల మనసులో పడిందని ఒళ్ళు జలదరించేది. అదే గేమ్‌లో మొదటి ఎపిసోడ్‌లో ఇద్దరిలో ఒకరిని కాపాడాలి, ఎవరిని కాపాడినా ఆ వ్యక్తి మూడో ఎపిసోడ్‌లో చనిపోతారు. రెండోసారి ఆడి ఈ సంగతి తెలుసుకున్నవాళ్ళలో చాలామందికి మోసపోయినట్టు అనిపించింది. నాకు అంత అనిపించలేదు, ఎందుకంటే మధ్యలో ఉన్నంతసేపూ ఆ మనిషి వేరే మనిషే, మాటలు వేరు. నిజంగా నష్టం చేసేది ఆ తర్వాత ఎన్నో గేమ్‌లు ఆ నోటీసుని మాత్రం కాపీ కొట్టి వెనక ఏమీ పెట్టకపోవడం.

నేను పాటించే పద్ధతి ఇది. ముఖ్యమైన ప్రతి ఛాయిస్ మూడుసార్లు కనిపించాలి. నొక్కిన వెంటనే ఒకసారి, ఎదుటివాళ్ళ మాటలోనో చూపులోనో. కొన్ని పేజీల తర్వాత అనుకోని చోట ఒకసారి. చివర్లో ఒకసారి, బరువుగా. పెదనాన్నకి మొదటి రాత్రే నిజం చెప్పారనుకోండి: వెంటనే పెదనాన్న లేచి దొడ్లోకి వెళ్ళిపోతాడు, మర్నాడు పొద్దున కాఫీ ఒక్క గ్లాసే కలుపుతాడు, రిజిస్ట్రేషన్ రోజు అడగకుండానే పాత దస్తావేజులు తెచ్చి బల్ల మీద పెడతాడు. చెప్పకపోతే కాఫీ రెండు గ్లాసులు ఉంటాయి, దస్తావేజులు మాత్రం కనిపించవు. దీనికి కొత్త దారి ఒక్కటి కూడా అక్కర్లేదు, ఒక వేరియబుల్, మూడు చోట్ల రెండేసి వాక్యాలు, అంతే.

చెప్పాపెట్టకుండా చంపకండి, ఇరికించకండి

1984లో ఇన్ఫోకామ్ తెచ్చిన హిచ్‌హైకర్స్ గైడ్ గేమ్ మొదట్లో ఒక కుక్క ఉంటుంది. దానికి శాండ్‌విచ్ పెట్టకుండా వెళ్ళిపోతే అప్పటికి ఏమీ కాదు, ఎన్నో గంటల ఆట అయ్యాక ఆ పాపం తగులుతుంది, అప్పుడు వెనక్కి వెళ్ళే దారి ఉండదు. ఇలాంటివాటితో విసిగిపోయే టైప్ చేసి ఆడే గేమ్‌లు రాసుకునే ఇన్‌ఫామ్ అనే టూల్ సృష్టికర్త గ్రాహమ్ నెల్సన్ ఆటగాళ్ళ హక్కుల పత్రం రాశాడు: హెచ్చరిక లేకుండా చంపకూడదు, ముందు ఒకసారి చచ్చి తెలుసుకుంటే తప్ప గెలవలేని పరిస్థితి ఉండకూడదు, తెలియకుండా దారి మూసెయ్యకూడదు. ఇలాంటి గేమ్‌లే రాసే ఆండ్రూ ప్లాట్కిన్ 1996లో గేమ్‌ల క్రూరత్వానికి అయిదు మెట్ల కొలత పెట్టాడు. పై మెట్టున అసలు ఇరుక్కోని గేమ్, అట్టడుగున ఇరుక్కున్నామని ఇరుక్కున్నాక కూడా తెలియని గేమ్.

ఛాయిస్ కథలో ఇది వేరే వేషంలో వస్తుంది. కొన్ని గేమ్‌లు ధైర్యం, జాగ్రత్త, ప్రేమ, కోపం అని అంకెలు లెక్కపెడతాయి, చివర్లో ధైర్యం 70 దాటితేనే తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు ఆడేవాళ్ళు మనిషిలా ఆలోచించడం మానేసి ఒకే అంకెని పెంచుకుంటూ పోతారు, సందర్భాన్ని బట్టి ఒకసారి తెగించి ఒకసారి తగ్గినవాళ్ళు అన్ని తలుపుల దగ్గరా ఓడిపోతారు. నిజజీవితంలో మనందరం ఆ రెండో రకమే కదా. అంకె పెట్టాలనిపిస్తే దానికి రెండు వైపులా దారి పెట్టండి, ధైర్యం తక్కువైనవాళ్ళకి ఓటమి కాకుండా వేరే ముగింపు రాయండి. నేనైతే అంకెలు పెట్టను, ఏం జరిగిందో మాత్రం గుర్తుపెట్టుకుంటాను.

ప్రేమ ట్రాక్ గురించి రెండే మాటలు. మర్యాదగా మాట్లాడిన ప్రతిసారీ దాన్ని ప్రేమగా లెక్కేసి, అడగకుండా జంట కట్టెయ్యకండి, ఆ దారిలోకి వెళ్తున్నామని ముందే తెలియాలి. ఇంకా, మంచి జవాబుకి డబ్బు పెట్టి గేమ్‌లోని డైమండ్లు కొనాలి, ఉచిత జవాబు మాత్రం అవమానకరంగా ఉంటుంది అనే పద్ధతి రచయితగా నేను ఎప్పటికీ ఒప్పుకోను.

ఏడు చేపల పరీక్ష

ముగింపులన్నీ రాశాక ఒక్కో ముగింపు పట్టుకుని చేపా చేపా ఎందుకు ఎండలేదని అడగండి. గడ్డిమేటు అడ్డమొచ్చింది. గడ్డిమేటా, ఎందుకు అడ్డమొచ్చావు? ఆవు మెయ్యలేదు. అలా అడుగుతూ వెనక్కి వెళ్తే చివరికి బంగారు పుట్టలో వేలు పెట్టిన చెయ్యి దొరకాలి, ఆ చెయ్యి ఆడేవాళ్ళది అయ్యుండాలి. పెదనాన్న ఎందుకు ఊరు వదిలి వెళ్ళిపోయాడు? సంతకం రోజు అందరి ముందు తెలిసింది కాబట్టి. ఎందుకు అప్పుడే తెలిసింది? మొదటి రాత్రి నువ్వు చెప్పలేదు కాబట్టి. ఈ గొలుసు మధ్యలో ఎక్కడైనా "రచయితకి అలా కావాలి కాబట్టి" అనే జవాబు వస్తే అక్కడ పని మిగిలి ఉందని అర్థం.

2012 మార్చిలో మాస్ ఎఫెక్ట్ 3 వచ్చినప్పుడు జనం అంత గొడవ చేసింది ఇందుకే. మూడు గేమ్‌ల పాటు తీసుకున్న నిర్ణయాలు ఉన్నాయి, ముగింపు మాత్రం ఆఖరి గదిలో చేసే ఒక్క ఎంపిక మీద నిలబడింది. అదే ఏడాది జూన్‌లో ముగింపుని పొడిగించి ఉచితంగా ఇచ్చారు.

ఛాయిస్ తక్కువ ఉండటమే కథ అయినప్పుడు

ఇదంతా చదివి ఎప్పుడూ బోలెడు దారులు ఉండాలని అనుకోకండి. 2013లో వచ్చిన డిప్రెషన్ క్వెస్ట్ అనే గేమ్ ట్వైన్‌లో చేసిందే. అందులో "లేచి స్నేహితుల దగ్గరికి వెళ్ళు" లాంటి ఆరోగ్యకరమైన దారులు కొట్టేసి కనిపిస్తాయి, చదవచ్చు, నొక్కలేరు. డిప్రెషన్ అంటే ఏమిటో అంతకంటే సూటిగా చెప్పడం కష్టం. 2000లో స్టీఫెన్ బాండ్ రాసిన రామెసెస్ అనే గేమ్‌లో హీరో ఒక స్కూలు కుర్రాడు, మనం ఏం చెయ్యమన్నా ఏదో ఒక సాకుతో చెయ్యడు, ఆ చెయ్యలేకపోవడమే అతని జీవితం. రెండింటిలోనూ దారి మూసి ఉందని మొదటి నుంచీ కళ్ళముందే కనబడుతుంది. పెళ్ళిచూపుల సీనులో ఆ అమ్మాయికి "వద్దు" బటన్ కొట్టేసి చూపించి ఉంటే నేను ఏడ్చేదాన్ని.

మన చందమామ బేతాళుడు అడిగేదీ ఇలాంటిదే. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే మౌనభంగమై శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. రెండు దారులూ నష్టమే, అయినా ఎవరూ మోసమని అనలేదు, ఎందుకంటే షరతు ప్రశ్నతోపాటే వినిపించాడు. కష్టమైన ఛాయిస్ పెట్టాలనుకుంటే ఈ కొలత పెట్టుకోండి: ఏం పోతుందో నొక్కకముందే తెలియాలి.

పక్కన కూర్చుని చూడండి

కథ పూర్తయ్యాక ముగ్గురికి ఇవ్వండి, వాళ్ళలో ఒకరైనా ఎప్పుడూ గేమ్‌లు ఆడనివాళ్ళు అయితే మంచిది. పక్కన కూర్చోండి, నోరు విప్పకండి, ఏమీ వివరించకండి. వాళ్ళు "నేను అలా అనలేదే" అన్న చోట, రెండు బటన్లనీ చూసి "రెండూ ఒకటేగా" అన్న చోట, నిట్టూర్చి ఏదో ఒకటి నొక్కేసిన చోట పేజీ పేరు రాసుకోండి. ట్వైన్‌లో ఏ పేజీ నుంచైనా మొదలుపెట్టి టెస్ట్ చెయ్యచ్చు కాబట్టి దిద్దాక ప్రతిసారీ మొదటి నుంచి ఆడక్కర్లేదు. మా చిన్నమ్మ ఆడుతూ ఒకచోట ఆగి "మేనత్తకి ఫోన్ చెయ్యాలని ఉంది, ఆ బటన్ ఏదీ?" అని అడిగింది. ఆలోచిస్తే ఆ పరిస్థితిలో ఎవరైనా మొదట చేసే పని అదే. ఇంట్లో సిగ్నల్ లేదని ఒక సాకు రాయచ్చు, రాయలేదు, నాలుగు పేజీలు కొత్తగా రాసి ఆ ఫోన్ పెట్టాను. ఇప్పుడు ఆ కథలో నాకు బాగా ఇష్టమైన సీను అదే.

ఒక్క జాగ్రత్త. ట్వైన్‌ని బ్రౌజర్‌లో వాడితే కథ మొత్తం ఆ బ్రౌజర్‌లోనే దాచి ఉంటుంది, హిస్టరీ, సైట్ డేటా శుభ్రం చేస్తే దాంతోపాటు అదీ పోతుంది. రోజూ పని అయ్యాక ఫైలుగా దించుకుని మెయిల్ చేసుకోండి.